కొక్కేనికి ఒడిబియ్యం బరువు

షోలాపూర్ పోయి వచ్చిన దగ్గర్నుంచి మా వాడకట్టులో నన్ను ఒక్కరూ సుఖంగా నడవనివ్వడం లేదు. కిరాణా దుకాణానికి పోయి ఉప్పు అడిగితే ఉప్పు ఇవ్వరు, "కారు తోక ఊపిందట గదా అక్కా, నిజమేనా?" అంటారు. ఊపింది కారు కాదు, దాని వెనక కట్టిన డబ్బా. చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి ఆ ప్రయాణం సంగతి రాసి పెడుతున్నాను. చదవడం వచ్చినవాళ్ళు చదవండి, రానివాళ్ళకు చదివి వినిపించండి, నన్ను మాత్రం ఇక అడగకండి.

నేను సిద్దిపేటలో పన్నెండేళ్ళుగా తోపుడు బండి మీద ఇడ్లీ, దోసె అమ్ముతున్నాను. వానొస్తే పొయ్యి ఆరిపోతుంది, ఎండొస్తే నేను ఆరిపోతాను. చంద్లాపూర్ దగ్గర రిజర్వాయరు చూడటానికి ఆదివారాలు జనం బాగా వస్తారు. అక్కడ రోడ్డు పక్కన బండి పెట్టుకోవడానికి తెలిసినవాళ్ళు జాగా ఇస్తామన్నారు. ఇక నాకు కావలసింది నెత్తి మీద కప్పు ఉన్న పొయ్యి. సరిగ్గా అలాంటిదే షోలాపూర్‌లో అమ్మకానికి ఉందని మా అన్న ఫోను చేశాడు. వడాపావ్ అమ్ముదామని ఎవరో ముచ్చటపడి చేయించుకుని, నెల తిరగకుండానే మానుకున్న డబ్బా అది. రెండు చక్రాలు, లోపల రెండు పొయ్యిలు, నీళ్ళ ట్యాంకు, పైకి తెరుచుకునే పెద్ద కిటికీ. కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. చిట్టీ ఎత్తి నా పేరు మీదనే కొనాలని నిశ్చయించుకున్నాను.

మా ఇంటాయన సత్తయ్యకు ఇది మొదట్నుంచీ మింగుడు పడలేదు. "ఉన్న బండికే రేకులు ఏపిస్త, సాలదా?" అన్నాడు. ఆ రేకులు పన్నెండేళ్ళుగా వేయిస్తూనే ఉన్నాడు.

సిద్దిపేట: మూడు అంకెలు

కారు వెనక ట్రైలరు తగిలించాలంటే కింద ఒక ఇనుప కడ్డీ బిగించాలి, దాని కొసకు నిమ్మకాయ కన్నా పెద్ద గుండు ఉండాలి. దాన్ని టోబార్ అంటారట. మేము కొక్కెం అన్నాం, ఇప్పటికీ అదే అంటున్నాం. వెల్డింగ్ చేసే అతను కారు కింద పడుకుని దాన్ని బిగించి, లేచి చేతులు దులుపుకుంటూ, "రెండు టన్నులు గుంజుతది అన్నా, భయపడకు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయన నడకే మారిపోయింది.

నాకేమో అచ్చు అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేని రోగం. పొట్లం కట్టిన కాగితం కూడా చదివి గాని పారేయను. కారు కొన్న ఏడేళ్ళలో ఎవరూ విప్పని పుస్తకం ఒకటి స్టీరింగు పక్క అరలో ఉంది. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో కుస్తీ పట్టి దాన్ని చదివాను. బ్రేకు లేని ట్రైలరయితే, లోపలి సరుకుతో కలిపి ఏడువందల యాభై కిలోలు దాటకూడదని రాసి ఉంది. అన్న పంపిన ఫొటోలో డబ్బాకు కొట్టిన రేకు మీద తొమ్మిది వందలు మోస్తుందని ఉంది. దానికి బ్రేకు లేదు.

"అయితే ఏడువందల యాభైకి మించొద్దు" అన్నాను.

"గట్లెట్ల? కొక్కెమేమో రెండు వేలు అనవట్టె, డబ్బా తొమ్మిది వందలు అనవట్టె, కారు ఏడున్నర అనవట్టె. ముగ్గుర్ని కూసోవెట్టి నడిమిట్ల తెగ్గొడితే తొమ్మిది వందలు" అన్నాడు.

మా ఆయన కులసంఘంలో పెద్దమనిషి. అన్నదమ్ముల పొలం గెట్టు తగాదాలన్నీ అలా నడిమికి తెగ్గొట్టి వస్తుంటాడు. ఇనుము దగ్గర పంచాయితీ నడవదు, ఇక్కడ అన్నిటికన్నా చిన్నదానిదే పెత్తనం అని చెప్పాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. నేను ఆయనకన్నా జానెడు పొట్టి. "ఇంట్ల గూడ గదే నడుస్తుందిలే" అని కారు తాళాలు అందుకున్నాడు.

హుమ్నాబాద్: రొట్టె, ముంగాలు

పోయేటప్పుడు కారు వెనక ఏమీ లేదు, హాయిగా పోయాం. ఏమీ లేకపోయినా కొక్కెం మాత్రం జానెడు బయటికి పొడుచుకుని ఉంటుంది. డిక్కీ తెరవబోయిన ప్రతిసారీ మా ఆయన ముంగాలు దానికి కొట్టుకునేది. సంగారెడ్డిలో ఒకసారి, జహీరాబాద్‌లో ఒకసారి, హుమ్నాబాద్‌లో రెండుసార్లు. ఆఖరుసారి కొక్కేన్ని తిట్టాడా, నన్ను తిట్టాడా అన్నది తేలలేదు.

హుమ్నాబాద్ పొలిమేరలో ఒక పెద్దావిడ రేకుల పందిరి కింద జొన్నరొట్టెలు చేస్తోంది. డెబ్బై రూపాయలకు రెండు రొట్టెలు, పప్పు, ఎర్రకారం, పుంటికూర. అచ్చంగా మన పుంటికూరే, కాకపోతే అందులో జొన్ననూక వేసి మెత్తగా ఎనిపింది. మన దగ్గర రెండోసారి కూర వేయించుకోవాలంటే వడ్డించేవాడి కళ్ళలోకి చూడాలి. ఆమె మనం వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేసేస్తుంది. చాయ్ మాత్రం దారి పొడుగునా పది రూపాయలకు రెండు గుటకలే, మన గ్లాసులో సగం కూడా ఉండదు. ఆవిడ నా చేతులు చూసి "నువ్వు గూడ పొయ్యి కాడి మనిషివే గదా" అన్నది, అరకొర తెలుగులో. కాలిన మచ్చలు చూసి పోల్చుకుంది. ఆమె పందిరికి మూడు వైపులా రేకులున్నాయి. నాకు సిగ్గు లేకుండా అసూయ వేసింది.

షోలాపూర్: నాలుగు ఒడులు

షోలాపూర్‌లో మనవాళ్ళ వాడలోకి పోతే ఎక్కడికో వచ్చామని అనిపించదు. ఇంటింటా మగ్గాల చప్పుడు, గుమ్మాల్లో తెలుగు మాటలు, మధ్యమధ్య మరాఠీ. మా అన్న నర్సింలు ముప్పయ్యేళ్ళ కింద మగ్గం పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. తువ్వాళ్ళు, చద్దర్లు నేస్తాడు. పొద్దున ఫలహారానికి అప్పడంలా ఫెళఫెళలాడే ఎండు రొట్టె, దాని మీద పల్లీకారం, పైన నూనె పెట్టారు. మా ఇంట్లో రొట్టె అలా గట్టిపడితే గొడ్లకు వేస్తాం. అక్కడ అదే గొప్ప. నేను మూడు తిన్నాను.

డబ్బా నేను అనుకున్న దానికన్నా బాగుంది. లోపల నిలబడితే తల కప్పుకు తగలదు, రెండు పొయ్యిల మధ్య తిరగడానికి చోటుంది. చాలాసేపు కిందికి దిగలేదు. అమ్మిన సేటు కూడా మనవాడే. "నీ డబ్బా కావాలని ఇంకో గిరాకీ తిరుగుతుండు అక్కా. నీకు మనసుకు రాకపోతే మూడొద్దుల్ల ఒక్క ఫోన్ కొట్టు. నా లారీ హైదరాబాద్ తొవ్వల తిరుగుతనే ఉంటది, యాడున్నా ఎక్కించుకొస్తది" అన్నాడు. ఆ మాట మా ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

అసలు కథ మర్నాడు పొద్దున మొదలయింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయకుండా పంపరు గదా. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ ఒళ్ళో పోసి సాగనంపుతారు. ఆ బియ్యం అత్తింటికి తెచ్చుకుని, సొంత పొయ్యి మీద వండి, నలుగురికి పెట్టాలి. ఎవరికీ ఇచ్చేయకూడదు, దారిలో వదిలేయకూడదు. మా పుట్టింట్లో ఒక్కో ఒడికి ఎనిమిది కిలోల లెక్క. అన్న ఏకంగా గోనెసంచి పట్టుకొచ్చాడు.

"నడుమ మూడుసార్లు పొయ్యాలె, పొయ్యలేదు. ఇది నాలుగోది. నాలుగు ఒక్కసారే పోస్తున్న" అన్నాడు. మా నాయిన పోయిన తర్వాత నేను ఆ ఇంటికి పోయింది ఇదే మొదటిసారి. ముప్పై రెండు కిలోలు ఒళ్ళో పట్టవు కాబట్టి కాస్త ఒళ్ళో పోసి మిగతాది సంచిలోనే ఉంచారు. నేను ఏడ్చాను, వదినె ఏడ్చింది. ఏడువందల యాభై అని పుస్తకంలో చదివిన మనిషిని నేనే అన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. ఇన్నాళ్ళూ అందరికీ తప్పంతా మా ఆయనదే అని చెప్పాను. ఇక్కడ నిజం రాస్తున్నాను.

ఆ తర్వాత అన్న చద్దర్ల మూట పెట్టాడు, నిండు గ్యాసు సిలిండరు పెట్టాడు, వదినె పల్లీలు, పల్లీనూనె, పల్లీకారం సర్దింది. మేము కొన్న ఇనుప పెనం, గ్రైండరు ఉండనే ఉన్నాయి. కారు వెనక సీటు కప్పు దాకా నిండింది, మిగిలినవన్నీ డబ్బాలోకి ఎక్కాయి. తలుపు వెనక వైపు ఉంది కాబట్టి అన్నీ తలుపు దగ్గరే పెట్టారు, దించుకోవడానికి సులువని. మా ఆయన తన వంతుగా ట్యాంకు నిండా అరవై లీటర్ల నీళ్ళు పట్టాడు. ఎందుకయ్యా అంటే, "దూరం పోతున్నం, ఉండనియ్యి" అన్నాడు.

ఉమర్గా దాటాక

ఉమర్గా దాకా మా ఆయన పాటలు పాడాడు. అద్దంలో డబ్బా బుద్ధిగా వెంట వస్తోంది. "సూసినవా, తొమ్మిది వందలు" అన్నాడు.

ఉమర్గా దాటిన తర్వాత ఒక దిగుడు వచ్చింది. అంతలో పెద్ద లారీ ఒకటి పక్క నుంచి దాటింది. ఆ గాలికి డబ్బా కాస్త కుడికి జరిగింది, వెంటనే ఎడమకు వచ్చింది, మళ్ళీ కుడికి, ఈసారి ఇంకా ఎక్కువ. కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టయింది. ముందు చక్రాలు రోడ్డు మీద ఉన్నాయో లేవో తెలియలేదు. మా ఆయన బ్రేకు గట్టిగా తొక్కబోయి, ఏం తట్టిందో కాలు తీసేసి స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. డబ్బా నాలుగైదు ఊపులు ఊపి, దానంతట అదే నెమ్మదించింది. నాకు తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయి రెండో విడత మొదలుపెట్టాను.

అక్కడి నుంచి ముప్పై మీద పోయాం. సైకిలు వాళ్ళు కూడా మమ్మల్ని దాటి పోయి వెనక్కి తిరిగి చూశారు. జహీరాబాద్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మా ఆయన వాటి వెనక ఆపి, దిగి, దూరం పోయి సేటుకు ఫోను చేశాడు. వచ్చి చెప్పాడు, "డబ్బా వాపస్ ఇచ్చేస్తున్న. లారీ సాయంత్రం ఇటే వస్తది, ఎక్కించుకపోతది."

"ఎవరి డబ్బా? ఎవరిని అడిగి ఇస్తున్నవ్?" అన్నాను.

"ఎంత అరుస్తవో అరువు. నాకు సచ్చుడు భయంలేదు. పక్కన నువ్వు కూసున్నవ్. డబ్బా ఊగినప్పుడు నీ మొఖం సూసిన. గది మల్ల సూడలేను" అన్నాడు.

ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన నాతో ఇంత పెద్ద మాట అనలేదు. అన్నందుకు సంతోషించాలా, దాంతో నా కప్పు పోతున్నందుకు ఏడవాలా తెలియక అక్కడే మైలురాయి మీద కూర్చున్నాను.

జహీరాబాద్ దగ్గర: ధర్మకాంటా

మా గొడవ విని ముందు ట్రాక్టరు మీది నుంచి ఒకతను దిగి వచ్చాడు. పేరు బస్వరాజు, రెండు ట్రాలీల చెరుకు వేసుకుని పొద్దుట్నుంచి చక్కెర ఫ్యాక్టరీ లైనులో ఉన్నాడట. కారు నుంచి డబ్బాను విప్పించి, దాని ముక్కును ఒంటి చేత్తో పైకి లేపాడు. కుర్చీ లేపినట్టు లేచింది.

"నువ్వు ఎవుసం జెయ్యలేదా కాకా?" అన్నాడు మా ఆయనతో. "ఎడ్లబండ్ల బరువంత ఎనక ఏస్తే ఏమైతది? కాడి మీదికి లేస్తది, ఎద్దు మెడ పడుతది. గిదీ గంతే. బరువు చక్రాల మీద ఉండాలె, ఇంత ముందలికి ఉండాలె. కొక్కెం మీద కొంచెం ఒత్తాలె. ఏం ఒత్తకపోతే తోక ఊపుతది."

మా ఆయన చిన్నప్పుడు రాయపోల్‌లో ఎడ్లబండి తోలినవాడే. చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను పుస్తకం తీసి చూస్తే అదే మాట అందులోనూ ఉంది, కాకపోతే ఎద్దు లేదు.

"ముందల కాంటా ఉంది, తూకం ఏపిచ్చున్రి" అన్నాడు బస్వరాజు. లారీలు, ట్రాక్టర్లు తూచే ఆ ధర్మకాంటాను నడిపేది రేష్మా అని ముప్పయ్యేళ్ళ మనిషి. డబ్బాను ఒక్కదాన్నే ఎక్కించి చూసి చీటీ ఇచ్చింది. ఎనిమిది వందల నలభై అయిదు. తొంభై అయిదు ఎక్కువ. కారును కూడా ఎక్కించి, పుస్తకంలో అది మోయగల అంకె అడిగి చూసి, "దీంట్ల ఇంక పన్నెండు కిలోలకే జాగ ఉందక్కా" అన్నది. చద్దర్ల మూట సరిగ్గా పన్నెండు. అది కారులోకి, నా కాళ్ళ దగ్గరికి పోయింది. ఇంకా ఎనభై మూడు.

మా ఆయన నీళ్ళ ట్యాంకు కిందికి వంగి నల్లా తిప్పబోయాడు. అరవై పోయినా ఇరవై మూడు మిగులుతాయి. "పెనం ఈడ ఇడిసి పెడుదాం" అన్నాడు. పెనం లేకపోతే దోసె నీ వీపు మీద పొయ్యాలా అని అడిగాను. "అయితే బియ్యం బస్సు పార్సిల్ల ఏద్దాం" అన్నాడు.

"మా అన్న ఒళ్ళె పోసిన బియ్యం పార్సిల్ ఏస్తవా?"

"మరి సేటు లారీ వస్తది, అన్ని కష్టాలు తీర్తయి."

నేను ఆ లైను చూశాను. నలభై ట్రాక్టర్లకు తక్కువ లేవు. డ్రైవర్లు, చెరుకు కొట్టే ఆడా మగా, గట్టు మీద నీడకు కూర్చున్నారు. ఒకామె ఖాళీ టిఫిను డబ్బా కడిగి బోర్లించింది. బస్వరాజును అడిగితే, పొద్దున ఎప్పుడో తిన్నామనీ, ఇంకా ఎంతసేపో తెలియదనీ చెప్పాడు.

"నీళ్ళు పారబొయ్యకు" అన్నాను మా ఆయనతో. డబ్బా ఎక్కి కిటికీ తెరిచి, పొయ్యి ముట్టించాను.

మా ఆయన కిటికీ కింద నిలబడి అడ్డం మాట్లాడాడు. "ఒడిబియ్యం తొవ్వల వండుతరానే? ఇంట్ల వండాలె."

"ఇల్లే ఇది. తలుపుంది, కప్పుంది, పొయ్యుంది, కాగితం నా పేరు మీదుంది. అండ్ల నీకు జాగ ఉందో లేదో తర్వాత సూస్త. ముందుగాల మిరపకాయలు కొనుక్కరా."

కొనుక్కొచ్చాడు. రేష్మా ఇంట్లోంచి చింతపండు, ఒక పెద్ద గంజు తెచ్చింది. కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు ఏరి పక్కన పెట్టి, ఎనిమిది కిలోల చొప్పున మూడు విడతలు వండాను. పసుపు ముందే కలిసి ఉంది కాబట్టి పులిహోరకు వేరే పసుపు అక్కర్లేదు. వదినె పల్లీలు, పల్లీనూనె పోపులోకి పోయాయి, పల్లీకారం పక్కన ముద్దలా పెట్టాను. టిఫిను మూతల్లో, పాత పేపర్లలో పెట్టించుకున్నారు, ఒకతనైతే తన శుభ్రమైన తువ్వాలులో. ఒకావిడ డబ్బులు ఇవ్వబోయింది. ఇది పుట్టింటి బియ్యం, అమ్మేది కాదన్నాను. "అయితే నేనూ నీ సుట్టాన్నే గదా, ఇంకింత ఎయ్యి" అన్నది.

పన్నెండేళ్ళు వంట చేసి అమ్మాను గాని, నిలబడి నడుం వంచకుండా, పొగ కళ్ళలోకి రాకుండా వండటం ఆ రోజే తెలిసింది. మధ్యలో నాలుగు చినుకులు పడ్డాయి. అందరూ ట్రాలీల కిందికి పరుగెత్తారు. నేను కదల్లేదు, పొయ్యి ఆరలేదు. పోపు కలుపుతూనే ఏడ్చాను, మిరపకాయల ఘాటని చెప్పాను.

మూడో గంజు అడుగంటే సమయానికి ట్యాంకు కూడా ఖాళీ అయింది, చాలావరకు వంటలోకి, మిగతాది దాహాలకు. మిగిలిన ఎనిమిది కిలోలు ఈసారి ఒడిది, అది వండలేదు. దాన్నీ పెనాన్నీ సిలిండరునూ బస్వరాజు తన మనుషులతో ముందుకు జరిపించాడు. ఈసారి ముక్కు లేపడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. రేష్మా మళ్ళీ కాంటా ఎక్కించింది. ఏడువందల నలభై ఆరు. మా ఆయన చీటీని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చూశాడు. డబ్బాను తీసుకుపోయి తగిలించి, కాంటా వెనక మట్టిబాట మీద ఆ కొస దాకా వేగంగా పోయి తిరిగి వచ్చాడు. నన్ను ఎక్కించుకోలేదు. దిగి, కొక్కెం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు.

అప్పుడే సేటు ఫోను వచ్చింది. లారీ సంగారెడ్డి దాటింది, గంటలో వస్తుంది, డబ్బా తయారుగా పెట్టమంటున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. "గది నాది గాదు సేటు, మా ఇంటామెది. ఆమెనే అడుగు" అని ఫోను నా చేతికిచ్చాడు.

కడగడానికి నీళ్ళు లేక చేతుల నిండా ఇంకా చింతపండే. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"ఏమంటవక్కా, ఇస్తున్నవా?" అన్నాడు సేటు.

"ఇయ్య" అన్నాను. "లారీనైతే రానియ్యి. డ్రైవరుకు ఇంత అన్నం ఎత్తిపెట్టిన."